సావుకారు పోర్టు

నగర్తపేటలో మునినారాయణప్ప లేసుల కొట్టు రోజూలాగే పొద్దున్నే తెరిచారు. బిల్లు కౌంటరు బాలరాజు సాంబ్రాణి పొగ వేశాడు, లేసు చుట్టల మీద దుమ్ము దులిపాడు, మొదటి గిరాకీకి వేళ్ళతో ధర చూపించాడు. ఇంకాస్త తగ్గించమని అడిగితే సావుకారు మునినారాయణప్ప తల అడ్డంగా ఊపాడు. ముందురోజు కరెంటు ఎక్కువై కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ కాలిపోయింది. అందుకే కొట్లో ఎవరికీ గొంతు లేదు.

ఆ కొట్లో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళ మాట, స్విచ్‌లో వాళ్ళ కేబుల్ తగిలించే పోర్టు ఎట్లుంటే అట్లే నడిచేది. పోర్టు మూస్తే నోరు పెగలదు. వేగం తగ్గిస్తే మాట సాగుతుంది. వీధిలోకి పోతే అంతా మామూలే. పేటలో చాలా కొట్లు ఇంతే కాబట్టి గిరాకీలు కూడా ఏమీ అనుకోరు.

కొత్త స్విచ్ తెచ్చిన నేత్రావతి ఈ నెట్‌వర్క్ పనులు చేసే కంపెనీలో ఈమధ్యే చేరింది. నీలం కేబుల్‌తో ల్యాప్‌టాప్ తగిలించి స్విచ్‌కు పేరు, అడ్రసు, పాస్‌వర్డు ఇచ్చింది. తర్వాత పోర్టులకు పేర్లు రాసింది: బిల్లు కౌంటరు, పై గది, సావుకారు. మొదటిది తెరవగానే పచ్చ లైటు వెలిగింది. బాలరాజు గొంతు సవరించుకుని కాఫీ తెప్పించాడు. కాఫీ వచ్చేలోగా కొట్టు సంగతులన్నీ చెప్పేశాడు.

పై గదిలో సావుకారు చెల్లెలు పిల్లమ్మ తనకో కంప్యూటరు పెట్టుకుని నలుగురు ఆడవాళ్ళతో చీరలకు కుచ్చులు కట్టిస్తుంది. ఆ గదిని గోడౌనుకు అడిగిన బాడుగాయన ఇవాళ మధ్యాహ్నం వస్తున్నాడు. పిల్లమ్మకేమో ఓ పెద్ద చీరల అంగడి నుంచి ఆర్డరు వచ్చింది. అన్నకు చెప్పబోయిన ప్రతిసారీ ఆయనా అప్పుడే మొదలుపెడతాడు. ఇద్దరి మాటలూ గుద్దుకుని విరిగి మెట్ల మీద పడతాయి. కొట్లో పనిచేసే నంజమ్మ వాటిని దారపు ముక్కలతో కలిపి ఊడ్చేస్తుంది. ఇంట్లో చెబుదామంటే, అక్కడ కొట్టు మాట ఎత్తకూడదని వాళ్ళ నాయన కాలం నాటి కట్టడి. అన్నాచెల్లెళ్ళ మధ్య మూడోవాళ్ళు దూరడం కూడా అక్కడ తప్పే.

పై గది పోర్టు తెరిచాక సావుకారు వంతు వచ్చింది.

"ఆయనది తనంతట తానే కుదురుకునే ఆటోలో పెట్టొద్దు మేడం. పాత మెకానిక్ ఎప్పుడూ చేత్తో ఫుల్లుకు బిగించేవాడు. అది మర్యాద" అన్నాడు బాలరాజు.

నేత్రావతి అట్లే బిగించింది. సావుకారు గొంతు రావడమూ పిల్లమ్మ కిందికి దిగడమూ ఒకేసారి జరిగాయి.

"అన్నా, ఆ గది..."

"బాడుగాయన వస్తాండాడు, సామాను..."

మాటలు ఫెళ్ళున విరిగాయి. ల్యాప్‌టాప్‌లో సావుకారు పోర్టు పక్కన తప్పుల అంకె ఎగిరింది. మళ్ళీ ఇద్దరూ నోరు తెరిచారు, మళ్ళీ ఎగిరింది. ఒక్కరే మాట్లాడినప్పుడు కదల్లేదు. నేత్రావతికి లెక్క తెలిసిపోయింది. లేచి సావుకారు కంప్యూటరు చూసింది. అది ఆటోలోనే ఉంది.

"సార్, ఇటు మనం బిగించేసినాము. అటు మీ కంప్యూటరు ఎంత అడిగినా స్విచ్ జవాబియ్యదు. అందుకని అది సగానికి దిగిపోయింది. సగమంటే, మాట్లాడేటప్పుడు వినలేరు. రెండు పక్కలా ఆటో పెడితే ఒకదాన్నొకటి అడిగి ఫుల్లుకు వస్తాయి, మాట్లాడుతూనే వినొచ్చు."

"అందరి మాదిరే పెడతావా నన్ను? కొట్టు నాదమ్మా."

"బాలరాజన్న ఫుల్లులోనే ఉన్నాడు సార్. మీరొక్కరే సగంలో ఉన్నారు."

బాలరాజు కాఫీ లోటాలోకి చూస్తూ ఉండిపోయాడు. సావుకారు కాసేపు గల్లా పెట్టె మీద వేళ్ళు ఆడించి, కానీ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె పోర్టు మూసి, ఆటోకు మార్చి, తెరిచింది.

పిల్లమ్మ మొదలుపెట్టింది. ఆయనా మొదలుపెట్టాడు. ఈసారి ఏదీ విరగలేదు. బాడుగాయన మంచోడని చెబుతూనే ఆయన చెల్లెలి మాటలు విన్నాడు: ఏడాది పొడుగునా పని, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కావాలి, గదికి బాడుగ తానే ఇస్తుంది. ఆయన మాట మెల్లగా తగ్గి ఆగిపోయింది.

"ముందే చెప్పకూడదా, పిల్లా?"

"ఎప్పట్నించో చెప్తానే ఉండాను కదన్నా."

మధ్యాహ్నం బాడుగాయన కొలత టేపు పట్టుకుని వచ్చాడు. మునినారాయణప్ప ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"గది ఖాళీ లేదప్పా. మా చెల్లెలు ఉండాది."

కరెంటు పోయినా స్విచ్ మరవకుండా నేత్రావతి సెట్టింగులు సేవ్ చేసింది. పిల్లమ్మ అప్పటికే మెట్లెక్కుతూ, ఇంకో ఇద్దరికి చోటు కావాలి, కాస్త జరిగి కూర్చోండని పైనున్న ఆడవాళ్ళకు చెబుతోంది.