వెనక పిలుపు

కారు వాకిట్లోకి వచ్చేసింది. హరిబాబు డిక్కీ తెరిచి తులసి బ్యాగు తనే లోపల పెట్టాడు. ఆ మర్యాదకు వీధి వీధంతా మురిసిపోయింది. యమున మాత్రం గుమ్మం పక్కనే నిలబడిపోయింది. చెల్లెలు మస్కట్‌లో పనికి వెళ్తున్నది ఆ ఇంటికే. తను చేసి వచ్చిన ఆ ఇంటికే!

చొక్కా కాలరు నలిగిందని ఆ ఇంటి మేడమ్ కాలుతున్న ఇస్త్రీపెట్టెను యమున వీపుకు ఆనించింది. తిరిగొచ్చాక తల్లి అసిరమ్మ అడిగితే గంజి ఒలికిందని చెప్పింది. వీపు మీద గంజి ఎలా ఒలుకుతుందని ఆ తల్లీ అడగలేదు, ఈ పిల్లా చెప్పలేదు. చెప్పడానికి నోరేదీ? గొలుసు దొంగిలించానని ఫోను ముందు నిలబెట్టి చెప్పించుకున్నాకే ఆమెను ఇంటికి వదిలారు. ఆ వీడియో ఇప్పుడు హరిబాబు దగ్గరుంది. అసిరమ్మకు వరసకు తమ్ముడు, ఊళ్లో ఆడపిల్లల్ని గల్ఫ్ ఇళ్లకు పంపేది ఆయనే.

"నోరిప్పినావో, ఊరి వాట్సాప్ గ్రూపులో ఎట్టీగల్ను. ఆ దేశం పోలీసులు ఇక్కడికే వస్తారు" అని నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వంటేనే యమునకు హడలు.

తులసి గడప దాటింది. కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"తులసీ!"

అరిచింది తనేనని యమునకు క్షణం తర్వాత గాని తెలియలేదు. వీధి గతుక్కుమంది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవడమా! అలా పిలుపు వినబడితే అక్కడి మగవాళ్లు ఆ పూట చేపల వేటకే వెళ్లరు.

"నీ నోరు పడిపోను! సంద్రం దాటే పిల్లని ఎనక్కి పిలుస్తావేటే?" అసిరమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇక తప్పదు. పిల్ల వెనక్కి వచ్చి కూచోవాలి, మంచినీళ్లు తాగాలి, అప్పుడే మళ్లీ కదలాలి. హరిబాబు విసుక్కున్నాడు గాని కాదనలేదు. ఆయనా వలలేసినవాడి కొడుకే.

తులసి అరుగు మీద కూచుని గ్లాసు అందుకుంది. ఆ నీళ్లు అయిపోయేలోగా చెప్పాలి. యమున గిరుక్కున తిరిగి, పైట జార్చి, జాకెట్టు కిందికి లాగింది. వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు, మొనతో సహా.

"గంజి కాదే. ఆ మేడమ్ కాల్చీసింది. ఎల్లకే, నా తల్లీ!"

అసిరమ్మ చేతిలో చెంబు జారిపోయింది. హరిబాబు తాపీగా ఫోను తీశాడు.

"దొంగ మాటలు నమ్మీస్తారేటి? దీని నోటితోనే ఇనండి."

ఫోనులోంచి యమున గొంతు వణుకుతూ వచ్చింది. "గొలుసు నానే తీసినాను. నన్నెవులూ కొట్టనేదు."

కళ్లన్నీ యమున మీద పడ్డాయి. ఆమెకు అక్కడికక్కడే చచ్చిపోదామనిపించింది.

తులసి గ్లాసు కింద పెట్టింది. "మావా, ఆ ఇంట్లో తెలుగు ఎవులికొచ్చు?"

"ఎవులికీ రాదు. అయితే ఏటి?"

"మరి అక్క తెలుగులో ఎవులికి సెప్పింది? అక్కా, ఇలాగ సెప్పమని నీకు ఎవులు సెప్పినారు?"

యమున హరిబాబు వైపు వేలు చూపింది. "మావే. ఫోన్లో. అలా సెప్తే ఇడిపిస్తానన్నాడు. నా మంచికే అనుకున్నాను."

"ఒరే హరీ!" అంది అసిరమ్మ.

హరిబాబు నవ్వు మాయమైంది. "పిల్ల పాస్‌పోర్టు నా జేబులో ఉన్నాది. పొద్దుగూకేలోగా మీరే తెచ్చి కారెక్కిస్తారు, సూస్కోండి" అని కారెక్కి తలుపు వేసుకున్నాడు.

కారు మలుపు తిరగకముందే వీధిలో ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. ఒక వాకిట్లో, దాని పక్క వాకిట్లో, ఆ పక్క వాకిట్లో. అందరూ అరచేతుల్లోకి తలలు వంచారు. అన్నిట్లోనూ అదే వీడియో.

అసిరమ్మ కూతురి పైట సర్దబోయింది. యమున ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. వీపు వీధి వైపు తిప్పి, అలాగే నిలబడింది.

"అది సూసినోళ్లు ఇదీ సూడండి" అంది.