మేనేజర్ సాబ్ గొర్రెలు

ఎల్లారెడ్డి బస్టాండు వెనక సందులో మోటార్ వైండింగ్ దుకాణం నడిపే వహీద్‌ని చుట్టుపక్కల వాళ్లంతా మేనేజర్ సాబ్ అని పిలుస్తారు. కాలిపోయిన బోరుమోటార్ల మధ్య, చేతులకు వార్నిష్ మరకలతో, గళ్ల లుంగీలో కూర్చునే మనిషికి ఆ పేరు రావడానికి కారణం ఒక ఫొటో.

వహీద్ షార్జాలో ఆరేళ్లు మోటార్లు చుట్టాడు. తర్వాత ఒక ఏజెంటు మాట నమ్మి పోలండ్ వెళ్లాడు. అక్కడ దిగిన రోజునే తోటివాడి కోటు అడిగి తొడుక్కుని, ఏదో బ్యాంకు అద్దాల తలుపు ముందు నిలబడి ఫొటో దిగి భార్య కుల్సుంకి పంపాడు. మీ ఆఫీసేనా అని ఆమె అడిగింది. వహీద్ కాదనలేదు. అతను చేసిన తప్పు అదొక్కటే, మిగతాదంతా కుల్సుమే చూసుకుంది. వారం తిరక్కుండా అతను సూపర్‌వైజర్ అయ్యాడు. రంజాన్ నాటికి మేనేజర్ అయ్యాడు. బక్రీద్ వచ్చేసరికి అతని కింద నలభై మంది పనిచేస్తున్నారు. ఈ ప్రమోషన్లన్నీ వహీద్‌కి ఫోన్లో తెలిసేవి. ఆమె గొంతులోని సంతోషం విని, వచ్చే వారం చెబుదాంలే అనుకునేవాడు. అలా ఏడాదిన్నర గడిచిపోయింది, మనిషి తిరిగి ఇంటికొచ్చాడు.

వచ్చాక కూడా చెప్పలేదు. ఆఫీసు ఎలా ఉండేదని బంధువులు అడిగితే, బాగా చల్లగా ఉండేదని చెప్పేవాడు. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

వచ్చిన కొన్ని వారాలకు మెడ కింద మొదలై కుడి భుజంలోంచి చేతిలోకి మంటగా నొప్పి దిగింది. బిళ్లలు మింగాడు. నొప్పి కాస్త తగ్గుతోందనుకునేసరికి చేతిలో బలం పోవడం మొదలైంది. సన్నటి రాగి తీగ వేళ్లలో నిలిచేది కాదు. లింగంపేట దగ్గర వరి వేసే బాలయ్య తన మోటారు కోసం వచ్చి ఒక పూటంతా ఎదురుగా కూర్చుని ఆ అవస్థ చూశాడు.

"వహీద్ భాయ్, నువ్వు తీగ చుడుతున్నవా, తీగ నిన్ను చుడుతున్నదా?" అన్నాడు. తర్వాత చెయ్యి అందుకుని దగ్గరగా చూసి నవ్వు మానేశాడు. "బొటనేలు కింద కండ ఏది? గుంట పడ్డది గదా."

కుల్సుం, ఆమె తమ్ముడు ఆసిమ్ కలిసి వహీద్‌ని హైదరాబాద్ తీసుకెళ్లారు. అక్కడి పెద్ద డాక్టరు చేతికి సూదులు గుచ్చి పరీక్ష చేశాడు. నరాల జబ్బే, ఏదన్నది ఇప్పుడే గట్టిగా చెప్పలేను, మూడు నెలలాగి మళ్లీ రండి అని చెప్పి, కాగితం మీద ఏఎల్ఎస్ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. తిరుగు ప్రయాణంలో ఆసిమ్ ఫోన్లో ఆ మూడక్షరాలూ కొట్టి చదివాడు. కండరాలను ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయట. చేతులు, కాళ్లు, ఆ తర్వాత మాట, మింగుడు, చివరికి ఊపిరి. నయం చేసే మందు లేదు. డాక్టరు పెట్టిన ప్రశ్నార్థకం బస్సు కామారెడ్డి చేరేలోపే ఎక్కడో రాలిపోయింది.

ఇక ఇంటికి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఎప్పుడో మాటలు మానేసిన మేనమామ కూడా యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చి కన్నీళ్లు పెట్టుకుని వెళ్లాడు. వహీద్ వాటన్నిటినీ తట్టుకున్నాడు. తట్టుకోలేనిది ఒక్కటే, కుల్సుం తిట్టడం మానేసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె తిట్టకుండా గడిచిన పూట అతనికి గుర్తు లేదు. ఒకరోజు పట్టు జారి కప్పు చాయ్ మొత్తం కొత్త దుప్పటి మీద ఒలికిపోయింది. కుల్సుం గుడ్డ తెచ్చి తుడిచి, పర్వాలేదు అంది. హైదరాబాద్ డాక్టరు ముందు కూడా అతను అంత భయపడలేదు.

కామారెడ్డిలో డాక్టర్ వందన అని ఒకామె ఉందని, నరాల జబ్బులు చూస్తుందని బాలయ్య పట్టుబట్టి చెప్పాడు. ఆమెతో ఉన్న ఇబ్బంది ఏంటో కూడా చెప్పాడు. "గంటసేపు అడుగుతది. నా తలనొప్పికి నా పెండ్లి ఎప్పుడైందని అడిగింది."

వందన నిజంగానే గంటసేపు చూసింది. దూది పెట్టి చేతి మీద రాసింది, పిన్నుతో పొడిచింది, మోకాళ్ల మీద, మోచేతుల మీద కొట్టింది. మోచేతి కింద ఒకచోట చర్మం మొద్దుబారినట్టుందని వహీద్ చెబితే అక్కడే మళ్లీ మళ్లీ పరీక్షించింది. మొదట్లో వచ్చిన మంట గురించి మూడుసార్లు చెప్పించుకుంది.

"ఏఎల్ఎస్‌లో మొదట్లోనే ఇంత మంట ఉండటం తక్కువ. చర్మం మొద్దుబారడం కూడా దాని లక్షణం కాదు. ఏదో అతకట్లేదు," అంది. "పోలండ్‌లో ఏం పని చేసేవారు?"

ఇంట్లో వాళ్లది ఉర్దూ. బయటివాళ్ల ముందు తెలుగు. కుల్సుం కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, స్పష్టమైన తెలుగులో జవాబిచ్చింది. "మేనేజర్ మేడం. ఏసీ ఆఫీసు."

"అడవిలో గానీ గడ్డిలో గానీ తిరగడం? పశువులతో ఏమైనా పని? రక్తం తాగే పిడుదులు కరవడం?"

కుల్సుంకి ఆ ప్రశ్న అవమానంగా తోచింది. "అద్దాల బిల్డింగు మేడం అది. పిడుదు లిఫ్టెక్కి వస్తదా?"

వందన వహీద్ వైపు చూసింది. వహీద్ సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. దాని బేరింగు పోయిందని గమనించాడు. "లేదు మేడం," అన్నాడు.

మెడకు స్కాను, మళ్లీ సూదుల పరీక్ష రాసిచ్చి ఆమె పంపేసింది. స్కాను ఎక్కడ తీస్తారో కనుక్కోవడానికి ఆసిమ్ వెళ్లాడు. భార్యాభర్తలిద్దరూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. వహీద్ లోపల పెద్ద యుద్ధమే జరుగుతోంది. పిడుదుల గురించి ఆమె ఊరికే అడగలేదని అతనికి తెలుసు. చెబితే మేనేజర్ పోతాడు. చెప్పకపోతే మేనేజర్‌తో పాటు వహీద్ కూడా పోతాడు. తన జనాజా వెనక ఎల్లారెడ్డి మొత్తం నడుస్తూ, ఎంత పెద్ద ఉద్యోగం చేసినవాడో అని చెప్పుకోవడం ఊహించుకున్నాడు. ఆ ఊహ బాగానే ఉంది. దాన్ని వినడానికి తను ఉండడన్నదే అందులో లోపం.

కుల్సుం టిఫిన్ డబ్బా విప్పింది. రొట్టె తుంచి, కూరలో అద్ది, చిన్నపిల్లాడికి పెట్టినట్టు నోటికందించింది. ముక్క కింద పడ్డా ఏమీ అనలేదు. రెండో ముద్ద నమిలి మింగి, కళ్లజోడు లోపల మరిచిపోయానని చెప్పి వహీద్ లేచాడు.

డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"మేడం, నేను మేనేజర్ను కాదు."

"నేను అడిగింది ఉద్యోగం గొప్పదా కాదా అని కాదు," అంది వందన.

"అరవై రెండు గొర్లను కాసిన మేడం. అడవి అంచుకే కొట్టం. ఎండకాలం బుట్ట పట్టుకొని అడవిల పండ్లు ఏరిన. పిడుదులు లెక్కలేనన్ని. ఒకటి తొడకు కరిచి పట్టుకుంటే గోరుతోని పీకిన. వారం తర్వాత దాని చుట్టూ ఎర్రగ, గుండ్రంగ, పళ్లెమంత అయింది. తామర అనుకొని మలాము రాసిన. పోయింది. ఎవ్వరికీ చెప్పలే."

వందన కలం పక్కన పెట్టేసింది. ఆ దేశపు అడవుల్లో కొన్ని పిడుదులు లైమ్ అనే జబ్బు అంటిస్తాయని, మన దగ్గర అది చాలా అరుదు కాబట్టి చెప్పకపోతే ఎవరికీ తట్టదని చెప్పింది. ఆ క్రిమి ఒక్కోసారి నరాల్లోకి దిగుతుందట. అప్పుడు కండ తరిగి, బలం తగ్గి, పైకి ఏఎల్ఎస్‌లాగే కనిపించవచ్చట. ఇదీ అదేనని మాట ఇవ్వలేను, రక్తమూ వెన్నులోని నీరూ పరీక్షకు పంపాలి, అదే అయితే మాత్రం మందు ఉంది అంది. ఇంత దూరం వచ్చి డాక్టరు దగ్గర ఉద్యోగం దాచుకునే మనిషిని ఇదే చూడటం అని కూడా అంది.

వహీద్ వెనక్కి తిరిగాడు. తలుపు తెరిచి ఉంది. గడపలో కుల్సుం నిలబడి ఉంది. చేతిలో అతని కళ్లజోడు. అది ఆమె సంచిలోనే ఉందట.

"అరవై రెండా?" అంది.

వహీద్ తలూపాడు.

"పెండ్లయిన కాడ్నుంచి ఇంట్ల ఒక్క మేక ఉంటే, దానికి నీళ్లు పెట్టమంటే ఒక్కనాడు పెట్టలే మీరు."

అక్కడ మొదలైంది. మూడు నెలలుగా ఆపిందంతా కుల్సుం ఆ గదిలోనే కుమ్మరించింది. డాక్టరమ్మకు కూడా అర్థం కావాలని పూర్తిగా తెలుగులోనే తిట్టింది. ఫొటోను తిట్టింది, కోటు ఇచ్చినవాణ్ని తిట్టింది, పోలండ్‌ను తిట్టింది. నర్సు వచ్చి నెమ్మదిగా మాట్లాడమని బతిమాలింది. వహీద్ మాత్రం తల వంచుకుని, ఎండలో తిరిగొచ్చినవాడు కుండ నీళ్లు తాగినట్టు అంతా విన్నాడు.

తిరుగు బస్సులో ఆమె ముఖం కిటికీ వైపే పెట్టుకుంది. లింగంపేట దాటాక, అక్కడ చలికి కప్పుకోవడానికి ఏమైనా ఉండేదా అని ఉర్దూలో అడిగింది. గొర్రెల మధ్య పడుకుంటే చలి తెలిసేది కాదన్నాడు వహీద్. ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత ఎల్లారెడ్డి దాకా అతని కుడిచెయ్యి ఆమె ఒళ్లోనే ఉంది.

పరీక్షలు లైమ్ అనే చెప్పాయి. ఇరవై ఎనిమిది రోజులు రక్తనాళంలోకి ఇంజక్షన్లు పడ్డాయి. మొదట మిగిలిన నొప్పి పోయింది. రెండు నెలలకు పిడికిలి బిగిసింది. బొటనవేలు కింది గుంట పూర్తిగా నిండలేదు. లావు తీగ వహీద్ చుడతాడు, సన్న తీగ ఆసిమ్‌కి నేర్పుతున్నాడు. బావ ఆఫీసులో ఉద్యోగం వస్తుందని ఇన్నాళ్లూ పాస్‌పోర్టు పట్టుకుని తిరిగిన ఆసిమ్, విషయం తెలిసిన రోజున ఒక్కటే అడిగాడు, "దుల్హేభాయ్, మరి ఆ నలభై మందీ?" నలభై కాదు, అరవై రెండు అని కుల్సుం వంటింట్లోంచి సరిదిద్దింది.

ఊళ్లో మేనేజర్ సాబ్ పేరు చెరగలేదు, కాకపోతే ఇప్పుడు నవ్వుతూ పిలుస్తున్నారు. చచ్చేవాడు బతికాడన్న వార్త మాత్రం చాలా దూరం వెళ్లింది. బీర్కూర్ నుంచి ప్రణీత అనే ఆమె భర్త ఫైలు పట్టుకుని దుకాణానికి వచ్చింది. భర్త సిద్దార్థ బడి పంతులు. రెండేళ్లుగా ఏఎల్ఎస్. చేతులు పోయాయి, మాట ముద్దగా వస్తోంది. చిన్నప్పుడు గొడ్ల కొట్టంలో పిడుదులు కరిచేవట, ఇది కూడా అదేనేమో అని అడిగింది. వహీద్ ఆనందం పట్టలేకపోయాడు. తప్పకుండా అదే అని చెప్పి, దుకాణం మూసేసి, దగ్గరుండి వాళ్లను కామారెడ్డి తీసుకెళ్లాడు.

సిద్దార్థ పరీక్షల్లో ఏమీ రాలేదు. అతనిది నిజంగా ఏఎల్ఎస్సే. మీది ఏఎల్ఎస్‌లా కనిపించిన వేరే జబ్బు వహీద్ గారూ, అందరిదీ అలా ఉండదు, ఈసారి ఎవరైనా అడిగితే తప్పకుండా అనకండి, చూపించుకోండి అనండి చాలు అని వందన మెల్లగా చెప్పింది.

వహీద్ నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఐదో రోజున బీర్కూర్ వెళ్లి, లేని ఆశ పెట్టినందుకు మాఫ్ చేయమని సిద్దార్థ మంచం పక్కన నిలబడ్డాడు. సిద్దార్థ ఒక్కో మాటే కూడబలుక్కుని అడిగాడు.

"గొర్లకు... పేర్లు... పెట్టినవా?"

పెట్టాడు. అన్నిటికీ అత్తగారి వైపు వాళ్ల పేర్లే పెట్టాడు. దారికి రాని పొట్టేలు ఆసిమ్. సిద్దార్థ భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ప్రణీత ఆ నవ్వు విని తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

అప్పటి నుంచి వహీద్ ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక బీర్కూర్ వెళ్తున్నాడు. సిద్దార్థ పిలిస్తే పెరట్లోకి వినపడటం లేదని తెలిసి ఒక కరెంటు గంట తయారుచేశాడు. దాని కాయిలు కోసం సన్న తీగను ఆసిమ్‌కి ఇవ్వకుండా, రెండు రోజులు పట్టినా తానే చుట్టాడు. కాలి బొటనవేలు ఆనితే చాలు మోగేలా మంచం చివర మీట బిగించాడు.

బిగించిన రోజున సిద్దార్థ వేలు ఆనించాడు. ప్రణీత చేతులకు పిండితోనే పరిగెత్తుకొచ్చి ఏం కావాలని అడిగింది.

"ఏం లేదు," అన్నాడు సిద్దార్థ, తీరిగ్గా. "వస్తవో... రావో... అని."