నీళ్ళు వెచ్చబడ్డ వారం

కాలేబు సరుకు పేర్చిన చెక్క పాలెట్ చుట్టూ తిరుగుతున్నాడు. ఎడమచేత ప్లాస్టిక్ పొర చుట్ట పట్టుకుని, నడుం వంచి, అడుగునున్న అట్టపెట్టెల దగ్గర మొదలుపెట్టి పైదాకా లాగి బిగిస్తూ వస్తాడు. అలా తిరగడమే అతని ఉద్యోగం. కేంబ్రిడ్జ్‌లో హైవే పక్కనున్న ఆ గోడౌన్‌లో చేరినప్పుడు అతని జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు ఉన్న నాలుగు వెంట్రుకలూ తెల్లబడ్డాయి, కుడి మోకాలు మొరాయిస్తోంది, కళ్ళజోడు జారిపోకుండా తాడు కట్టుకున్నాడు. ఒంటిమీది నారింజరంగు చొక్కా మాత్రం కొత్తది, కంపెనీవాళ్ళు ఏడాదికొకటి ఇస్తారు గనక.

"ఏ గుడికీ వెళ్ళనోడివి, నీ చేత రోజూ ఇన్ని ప్రదక్షిణాలు చేయిస్తున్నారు చూడన్నయ్యా" అన్నాడు భీమారావు సరుకెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి మీంచి. శ్రీకాకుళంవాడు, ఆ గోడౌన్‌లో కాలేబు కాక ఇంకో తెలుగువాడు అతనొక్కడే. "ఇవాళ ఓవర్‌టైం ఉందంట. ఉంటావా?"

"ఉండన్రా. నీళ్ళు వేడెక్కాయి."

భీమారావు బండి తిప్పుకుపోయాడు. మే నెల వచ్చి చెరువు వెచ్చబడితే కాలేబుకి లోకంలో ఇంకేదీ కనబడదని గోడౌన్‌లో అందరికీ తెలుసు. ఈ ఏడాది ఎందుకు వెళ్తున్నాడో మాత్రం ఎవరికీ తెలియదు. చెబితే పిచ్చి పట్టిందంటారని అతను చెప్పలేదు.

ఊరవతల చెరువులో క్రాపీలని ఒక రకం చేపలుంటాయి. అరచెయ్యంత వెడల్పు, బల్లపరుపు ఒళ్ళు, వెండిమీద నల్లచుక్కలు. చలికాలమంతా లోతులో కదలకుండా పడి ఉంటాయి. నీళ్ళు పదహారు డిగ్రీలకి వచ్చాయంటే గుడ్లు పెట్టడానికి ఒడ్డున రెల్లు మొదళ్ళలోకి చేరతాయి. అప్పుడు మగచేప బొగ్గులా నల్లబడుతుంది. అడుగున బురద ఊడ్చి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి తన దారిన తాను పోతే, మగది తిండి మానేసి, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ కరుస్తూ వాటిని కాస్తుంది. మధ్యలో ఉత్తరపుగాలి తిరిగి నీళ్ళు చల్లబడ్డాయా, ఆ కాపలా కాస్తా వదిలేసి లోతుకి పోతుంది. గుడ్లు బూజు పట్టిపోతాయి.

పోయిన మేలో, సరిగ్గా నీళ్ళు వెచ్చబడ్డ వారంలోనే, అతని భార్య బాలకుమారి ఆసుపత్రిలో ఉంది. ఏం తిన్నా పరవాలేదని డాక్టర్లు చెప్పేశారు. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు. "ఏమండీ, జన వేపుడు తినాలనుంది" అంది బాలకుమారి. జన అంటే చేప గుడ్లు. గోదావరి పక్క పుట్టినవాళ్ళకి అది ఉంటే ఇంకేం అక్కర్లేదు. కాలేబు చెరువుకి పరిగెత్తాడు. గుడ్లతో నిండిన ఆడచేపలు పట్టుకుని తిరిగొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. "చివర్లో మీ భాషలో ఏదో అన్నారు. రెండుసార్లు అన్నారు. నాకు అర్థం కాలేదు, క్షమించండి" అంది నర్సు.

ఏమంది? అప్పణ్ణించి అదొక్కటే అతన్ని తినేస్తోంది. వెళ్ళిపోయావేమిటని అందా? పిలిచిందా? ఆ గదిలో ఒక్క తెలుగు మాట తెలిసినవాళ్ళు లేకపోయారు. ఉండాల్సిన ఒక్కడూ ఒడ్డున కూర్చుని గాలానికి ఎర గుచ్చుతున్నాడు.

ఏడాదంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఈ సోమవారం చెరువులో నీళ్ళు పదహారుకి వచ్చాయి. గాలం వేసి కూర్చున్నాడు. వెనకనుంచి వినబడింది.

"ఏమండీ, దోమలు పీక్కు తినేస్తున్నాయి. ఇంకా ఎంతసేపు?"

బాలకుమారి గొంతు. తిరిగి చూస్తే పోతుందేమోనని తిరగలేదు. మర్నాడూ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. ఆమె దోమలనీ, చలినీ, అతని చెప్పులకంటిన బురదనీ తిడుతూనే ఉంది. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఇవాళ మధ్యాహ్నం రేడియోలో చెప్పారు, చీకటిపడేసరికి ఉత్తరపుగాలి తిరుగుతుందట, తెల్లారేసరికి మంచు పడొచ్చట. నీళ్ళు చల్లబడ్డాక ఆ గొంతు ఉంటుందో ఉండదో, ఇవాళ అడక్కపోతే ఇంకెప్పుడు?

కారెక్కగానే టీనా ఫోన్ చేసింది. కూతురు, వాంకూవర్‌లో ఉంటుంది.

"డాడీ, మళ్ళీ ఫిషింగా? యూ సౌండ్ సో టయర్డ్."

"ఎడంచెయ్యి లాగుతోందమ్మా. చుట్టి చుట్టి అలిసిపోయింది."

"ప్లీజ్ గో సీ ఎ డాక్టర్. టుడే."

"రేపెళ్తాలే" అన్నాడు.

చెరువు దగ్గర డోనా ఎప్పటిలాగే తన మడత కుర్చీలో ఉంది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, మాట తక్కువ. చెయ్యెత్తి పలకరించి మళ్ళీ తన గాలంలో పడింది. కాలేబు తాడుకి కట్టిన థర్మామీటరు ముంచి చూశాడు. పద్దెనిమిది. పగలంతా వీచిన దక్షిణపుగాలి వెచ్చటి పైనీళ్ళనంతా ఈ మూలకి నెట్టుకొచ్చింది. మబ్బు కమ్మి ఉంది. వాతావరణం మారే ముందు చేపలు ఆబగా కొరుకుతాయి, ఇవాళా కొరుకుతున్నాయి. అతనికి చేపలమీద ధ్యాస లేదు.

"పొద్దుట్నించీ ఏవైనా తిన్నారా?" అంది వెనకనుంచి బాలకుమారి.

కాలేబు నీళ్ళవైపే చూస్తూ అడిగాడు. "బాలా, ఆ రోజు ఏమన్నావే? నేను లేనప్పుడు?"

రెల్లు కదలడం ఆగింది. తర్వాత మెడ వెనక చల్లగా తగిలింది. రేడియోవాళ్ళు చెప్పినదానికన్నా ముందే ఉత్తరపుగాలి వచ్చేసింది. "బాలా" అని మళ్ళీ పిలిచాడు. సరిగ్గా అప్పుడే బెండు మునిగింది. పాడు అలవాటు, చెయ్యి దానంతటదే లాగేసింది.

మగచేప. తలనుంచి తోకదాకా కారునలుపు. గూటి మీంచి లేచొచ్చి కరిచినట్టుంది. మగవాటిని అతనెప్పుడూ పట్టినచోటే వదిలేస్తాడు. గాలం తీసి, వదలడానికి వంగబోతే గుండెమీద ఎవరో మోకాలు పెట్టి అదిమినట్టయింది. వంగలేకపోయాడు. పక్కనే నీళ్ళు నింపిన బకెట్ ఉంది. అందరూ చేపల్ని ఐసులో పెడతారు గానీ, చచ్చిన చేపమీద బాలకుమారి కత్తి పెట్టేది కాదు, అందుకని ఇంటికి బయల్దేరేదాకా అతను వాటిని నీళ్ళలోనే ఉంచుతాడు. ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని వదులుదామని చేపని అందులో జారవిడిచాడు.

తర్వాత చూస్తే తను గడ్డిలో వెల్లకిలా ఉన్నాడు. డోనా పక్కన మోకాళ్ళమీద కూర్చుని, తన కోటు అతనిమీద కప్పి, ఫోన్‌లో అంబులెన్సుకి దారి చెబుతోంది.

"బకెట్లో మగచేప ఉందండి" అన్నాడు కాలేబు. "ఆ రెల్లు దగ్గర వదిలెయ్యండి. లేకపోతే గుడ్లన్నీ పోతాయి."

డోనా అతని నోటి దగ్గరికి చెవి వంచింది. "ఇంగ్లిష్, కేలెబ్. ఇన్ ఇంగ్లిష్, డియర్."

ఇంగ్లిషులోనే చెబుతున్నాననుకున్నాడు. మళ్ళీ చెప్పాడు. ఈసారి తన మాట తనకే వినబడింది, తెలుగు. ఇంగ్లిషు మాటల కోసం వెతుక్కున్నాడు. అన్నేళ్ళు మాట్లాడిన భాష, ఒక్కటంటే ఒక్క మాట దొరకలేదు.

అప్పుడు అర్థమైంది. బాల కూడా ఇలాంటి మాటే అని ఉంటుంది. ఏ కిటికీయో వెయ్యమనో, కాళ్ళమీది దుప్పటి సర్దమనో, పొయ్యిమీద ఏదో ఉంది చూడమనో. నిష్ఠూరం కాదు, శాపం కాదు. ఏదో చిన్న పని. ఏడాదిగా మోస్తున్నది కిందికి దిగినట్టై తేలిగ్గా అనిపించింది. వెంటనే పట్టరాని జాలి కలిగింది. రెండుసార్లు అడిగింది పాపం, ఆ పనేమిటో గానీ ఎవరూ చెయ్యలేదు.

"వస్తున్నానుండు" అన్నాడు. డోనా అతని చెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి ఎప్పుడు బరువెక్కిందో ఆమెకే తెలియలేదు.

అంబులెన్సు వచ్చింది, వెళ్ళింది. కాలేబు ఫోన్ గడ్డిలో మోగితే డోనా తీసింది. టీనా.

"హీ సెడ్ సమ్‌థింగ్, స్వీటీ" అంది డోనా ఏడుస్తూ. "ట్వైస్. ఇన్ యువర్ లాంగ్వేజ్. ఐయామ్ సో సారీ."

కాసేపటికి ఆమె తన కుర్చీ మడిచి కారెక్కింది. అతని గాలం, థర్మామీటరు, చెప్పులు అన్నీ ఏరి జాగ్రత్తగా వెంట తీసుకెళ్ళింది. గడ్డి ఎత్తుగా ఉండడం వల్ల బకెట్ ఆమె కంటపడలేదు. అది రెల్లుకి రెండడుగుల దూరంలో, చలిగాలిలో చిన్నగా వణుకుతూ ఉంది. లోపల నల్లటి చేప గుండ్రంగా తిరుగుతోంది.