మా మగాళ్లు పారిపోలేదు

మా జాలర్ల పేట ఆడవాళ్ల సంగతి మాకే చెప్పడానికి పింఛన్ల ఆఫీసరు మైకు పట్టుకున్నాడు. మల్కాపురంలో హాలు నిండా జనం. ముందు వరసలో బోటు కాంట్రాక్టరు జగ్గయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తెర మీద జిల్లా పటం. బిడ్డల్ని ఒంటరిగా పెంచే తల్లులు ఎక్కువున్న చోట ఎరుపట. ఉక్కునగరం తెల్లగా ఉంది, మా సముద్రపు ఒడ్డంతా ఎరుపే. మా మగాళ్లు తాగి, ఆలుబిడ్డల్ని వదిలేసి పోతారట. జగ్గయ్య తలూపాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ మగాళ్లను గుజరాత్ బోట్ల మీదకు పంపేది జగ్గయ్యే. ఉక్కునగరంలో కార్మికుడు డ్యూటీలో చనిపోతే అడిగే యూనియనుంది. మావాళ్లు సముద్రంలో పోతే శవమైనా దొరకదు. శవం లేనిదే చావు లేదంటుంది సర్కారు. చావు లేకపోతే వితంతు పింఛను లేదు. అప్పుడు జగ్గయ్య గుమ్మంలోకొస్తాడు. మొగుడు వదిలేసి పోయాడని కులపెద్దల ముందు చెప్పు, ఒంటరి ఆడదాని పింఛను ఇప్పిస్తానంటాడు. పిల్లలు పస్తులుంటే ఎవరు చెప్పరు? మా పక్కింటి పోతమ్మ కూడా అలాగే చెప్పింది. సముద్రంలో మునిగిపోయిన ఆమె మొగుడు వరహాలు పారిపోయినవాడయ్యాడు. పెద్దల ముందు అన్న మాటను మా పేటలో వెనక్కి తీసుకోరు.

ఇప్పుడు ఆమె కూతురు సాయిదుర్గకు నెలలు నిండుతున్నాయి. అల్లుడు నాగబాబు జగ్గయ్య దగ్గర బోటు పనికి ఒప్పుకున్నాడు.

హాల్లో పోతమ్మ లేచింది.

"బాబూ, నా మొగుడు వదిలీసి పోనేదు. జగ్గయ్య బోటు మీద మునిగిపోనాడు. పింసెను కోసం నానే అబద్ధమాడినాను. రేపు నా కూతురు సేత కూడా ఇదే సెప్పిత్తారు."

కులపెద్ద శ్రీరామ్మూర్తి ఆమెను కూర్చోమన్నాడు. పింఛను ఆగిపోతుందని, పైగా కేసవుతుందని ఆఫీసరు బెదిరించాడు. పోతమ్మ కూర్చోలేదు.

"కేసెట్టండి. ముందు బోటెక్కించినోడి మీద ఎట్టండి," అంది.

వెనక నుంచి శ్రీరామ్మూర్తి కోడలు మహేశ్వరి లేచింది. "నా సేత మా మావే సెప్పించినాడు. కన్నకొడుకు సచ్చిపోతే పారిపోనాడని."

ముసలాయన కూలబడిపోయాడు. ఆ తర్వాత హాల్లో ఒక్కొక్కరే లేచారు. అందరిదీ అదే మాట. ఆఫీసరు పిలిస్తే పోలీసులొచ్చి, దొంగ పింఛను కేసని పోతమ్మను ఎత్తుకుపోయారు.

ఈ నెల పేటలో ఎవరికీ పింఛను రాలేదు. పోతమ్మకు బెయిలు రాలేదు. పొయ్యిలు సరిగ్గా వెలగడం లేదు. భయంగానే ఉంది, ఎందుకు దాచాలి? అయినా జగ్గయ్య బస్సు మగాళ్లను ఎక్కించుకుని గుజరాత్ బయల్దేరితే రోడ్డుకడ్డంగా కూర్చున్నాం. శ్రీరామ్మూర్తి కర్ర పక్కన పెట్టి, కోడలి పక్కనే కూర్చున్నాడు. కొడుకు పారిపోయాడన్న తన మాటను అందరూ వింటుండగా వెనక్కి తీసుకున్నాడు.

బస్సులోంచి నాగబాబు సంచితో దిగాడు. మిగతావాళ్లు ఇంకా లోపలే ఉన్నారు. వాళ్లు దిగేదాకా మేం లేవం.