గుమ్మపాల చెంబు

నేను ఒక ఇత్తడి చెంబును. పుట్టింది ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో. లోపల కళాయి పూసి, బయట చింతపండుతో తోమేసరికి బంగారంలా మెరిశాను. కాస్త పొగరు కూడా ఉండేదని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు పాతసామాన్ల కొట్లో, అడుగు సొట్టపడి, తూకం కోసం ఎదురుచూస్తున్నాను.

నన్ను కొన్నావిడ కూతురు నాగరత్తమ్మకు సారెలో పెట్టి అత్తారింటికి పంపింది. నాగరత్తమ్మకు పాలంటే ప్రాణం. నన్ను గేదె పొదుగు కింద పట్టి, గోరువెచ్చగా నురుగుతో వచ్చిన గుమ్మపాలు అక్కడే గటగటా తాగేది. అరవై ఏళ్ళొచ్చినా ఆమె నడుం వంగలేదు. అంతా పాల చలవేనంది. నేనూ అంతే అనుకున్నాను.

పెళ్ళయిన ఆరేళ్ళకు కోడలు సుభాషిణి నీళ్ళోసుకుంది. ఆ నెలలోనే ఇంట్లో గేదె నెలలు నిండకుండా చచ్చిన దూడను ఈనింది. ఎవరి కళ్ళో పడ్డాయని నాగరత్తమ్మ మిరపకాయలతో దిష్టి తీసి, మళ్ళీ పితకడం మొదలుపెట్టింది. రోజూ తెల్లారగానే నన్ను కోడలి చేతికిచ్చేది.

"కాచి తాగనా అత్తయ్యా?" అంది సుభాషిణి ఓసారి.

"గుమ్మపాలు కాస్తారటే? సత్తువంతా పొయ్యిపాలవుద్ది. తాగు తల్లీ."

ఐదో నెలలో సుభాషిణికి జ్వరం పట్టుకుంది. సాయంత్రం వచ్చేది, చెమట పట్టి తగ్గేది, కీళ్ళన్నీ పీకేవి. నీరసమని నాగరత్తమ్మ రెండోపూట కూడా పాలు పట్టింది. మనుషుల సంగతి చూడండి, పాలలో నీళ్ళు కలిశాయేమోనని వేలు ముంచి చూస్తారు, ఇంకేమైనా కలిసిందేమోనని మాత్రం అనుమానించరు. నేనూ అనుమానించలేదు. నిండుగా వెళ్ళి ఖాళీగా వచ్చాను.

కడుపు నిలవలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, "పచ్చిపాలు తాగిందా?" అని అడిగింది. దూడను చంపిన గేదె జబ్బే పాలతో కోడలికి వచ్చిందట. "పాలు మంచివేనమ్మా. బాగా మరగనిచ్చి ఇస్తే ఇంత జరిగేది కాదు," అంది.

మందులతో సుభాషిణి కోలుకుంది గాని మళ్ళీ కడుపు పండలేదు. అత్తను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. నాగరత్తమ్మ పాలు మానేసింది. టీ కూడా పాలు లేకుండానే తాగేది.

ఎనిమిదేళ్ళ తర్వాత ఆమె మంచం పట్టింది. ఏదీ సయించడం లేదు, పాలైనా పట్టమన్నారు. సుభాషిణి గోరువెచ్చగా నాలో పోసుకొచ్చి పక్కన కూర్చుంది.

"మూడు పొంగులు రానిచ్చాను. ఒక్క గుక్క తాగండత్తయ్యా."

ముసలామె పెదవులు బిగించుకుంది. సుభాషిణి నన్నెత్తి, ఆమె చూస్తుండగా తానే రెండు గుక్కలు తాగింది. నాగరత్తమ్మ చెయ్యి చాచింది. నా కోసమే అనుకున్నాను. ఆ చెయ్యి నన్ను దాటి వెళ్ళి కోడలి నుదుటి మీద ఆగింది. జ్వరం ఉందేమోనని చాలాసేపు అలాగే పట్టుకుని చూసింది.