నూకరత్నం అరుగు మీద

నేను ఒక ఫ్రీజర్ పెట్టెను. ఐస్‌క్రీములు పెట్టే రకం కాదు. మనిషి పోయాక, రావలసిన వాళ్ళు వచ్చేదాకా ఆ మనిషిని ఉంచే రకం. పొడవు ఆరున్నర అడుగులు. పైన అద్దం మూత, కింద కంప్రెసర్, వెనక ఒక వైరు.

కోయంబత్తూరు దగ్గర ఒక షెడ్డులో నన్ను తయారుచేశారు. పక్కనే ఐస్‌క్రీం పెట్టెలు తయారయ్యేవి. రేకు అదే, కంప్రెసర్ అదే, బిగించిన చేతులూ అవే. అవి పెళ్ళిళ్ళకు వెళ్ళాయి. నేను మండపేట వచ్చాను.

నన్ను కొన్నది రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే జట్టు కూలీలు. వాళ్ళకు చేయూత సంఘం అని ఒకటి ఉంది. చుట్టుపక్కల వీధుల్లో ఎవరికైనా కాలు విరిగితే ఆ ఇంటికి బియ్యం పంపుతారు. ఎవరైనా పోతే మోయడానికి మనుషులను పంపుతారు. నేను రాకముందు, దూరం నుంచి బంధువులు రావలసి ఉంటే, ఐసు దిమ్మల మీద పడుకోబెట్టి చుట్టూ మిల్లు ఊక పోసేవారు. ఊకలో ఐసు త్వరగా కరగదు. ఒక వేసవిలో అదీ నిలవలేదు. ఆ తరువాత వారానికో పూట కూలి వదులుకుని నన్ను తెచ్చారు. నా పక్కన ఎర్ర రంగుతో 'ఉచితం' అని రాయించారు. ఉచితమని రాసి ఉన్నా ఎవరూ ముందుగా చెప్పి ఉంచుకోని వస్తువు ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే.

నన్ను ఎక్కడ ఉంచాలన్నది మొదటి చిక్కు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళందరూ తమ ఇంటి దగ్గర మాత్రం వద్దన్నారు. సంఘం అధ్యక్షుడు సత్తిరాజు తన వసారాలో పెడదామన్నాడు. పొద్దున్న లేవగానే ఎదురుగా ఇదా అని ఆయన భార్య అడిగింది. రెండు రోజులు టార్పాలిన్ కప్పుకుని రిక్షా బండి మీదే ఉన్నాను. మూడో రోజు నూకరత్నం వచ్చి, మా అరుగు ఖాళీగానే ఉంది, తెచ్చి పెట్టండర్రా అంది.

ఆమె భర్త జట్టులో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. తమ్ముడి కుటుంబం రాజమండ్రిలో ఉంది, రాకపోకలు లేవు. పొద్దున్న పాలవాడితో రెండు మాటలు మాట్లాడితే, మళ్ళీ మర్నాడు పాలవాడు రావాలి. తొమ్మిదేళ్ళు ఆ అరుగు మీద ఉన్నాను. మధ్యాహ్నం ఎండ పడేవేళకు ఆమె నా అద్దం తుడిచి, పాత చీర పరిచి, గుమ్మడి వడియాలు పెట్టేది.

నన్ను బండి మీద తీసుకెళ్ళేది పోలయ్య. వడియాలు మొదటిసారి చూసి బండి దగ్గరే ఆగిపోయాడు.

"వీటిని ఎవరు తింటారు పిన్నీ?"

"నువ్వే."

తిన్నాడు.

నా కోసం వచ్చినవాళ్ళు ముందుగా ఆమె గుమ్మం ముందు నిలబడేవారు. పోయిందెవరని ఆమె అడిగేది కాదు. కూర్చోమని చెంబుతో మంచినీళ్ళు ఇచ్చి, పోలయ్యకు కబురు పంపేది.

నేను వెళ్ళిన ఇళ్ళలో చాలా చూశాను. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు నా అద్దం మీద చెరోవైపు చేయి వేసి నిలబడటం చూశాను. అదే అద్దంలో జుట్టు సర్దుకున్నవాళ్ళనూ చూశాను. పని అయ్యాక పోలయ్య వైరు చుట్టి, ఎవరికీ చెప్పకుండా నన్ను బండి ఎక్కించేవాడు. చావు జరిగిన ఇంట్లో 'వెళ్ళొస్తాను' అనరు, 'మళ్ళీ రండి' అనరు. నేను వెళ్ళేవన్నీ ఆ ఇళ్ళే. నన్ను రమ్మన్నది నూకరత్నం ఒక్కతే. నేను బయలుదేరినప్పుడల్లా, తిన్నగా వెళ్ళి రా, అనేది. అలా అనకూడదని పోలయ్య మందలించాడు. రమ్మంటే ఇంకొకరు పోవాలి కదా అన్నాడు.

"నా ఇంటికి రమ్మన్నానయ్యా, వాళ్ళింటికి కాదు," అంది.

ఒకరోజు వడియాలు ఎత్తుతూ పోలయ్యతో అంది.

"నన్నూ ఒక రోజు దీంట్లో ఉంచండిరా."

పోలయ్య నవ్వాడు. "ఎవరొస్తారనే పిన్నీ?"

ఆమె ఇంకో వడియం ఊడదీసింది. ఎవరూ వచ్చేది లేకపోతే ఆ పూటే తీసుకెళ్ళిపోతారని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. రావలసిన మనిషి ఉన్నవాళ్ళకే నాతో పని.

"రాకపోతే మానె. వస్తారేమో అన్నట్టు ఉంచండి."

పోలయ్య సరేనన్నాడు.

ఆషాఢంలో రెండు వీధుల అవతల ఒక దర్జీ పోయాడు. కూతురు సూరత్ నుంచి రైల్లో రావాలి. నూకరత్నం నన్ను ఎప్పటిలాగే వెళ్ళి రమ్మంది. మర్నాడు పొద్దున్న పోలయ్య ఆ ఇంటికి వచ్చాడు. బండి తేలేదు. నా పక్కన నిలబడి సత్తిరాజుకు ఫోన్ చేశాడు.

"పిన్ని పోయిందండి. పాలవాడు చూశాడంట." తరువాత చాలాసేపు విన్నాడు. "ఇక్కడ కూతురు దారిలో ఉందండి. ఎలా తీయమంటాం?"

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నా ప్లగ్గు వదులైందేమోనని నొక్కి చూశాడు. వెళ్ళిపోయాడు.

దర్జీ కూతురు ఆ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. అప్పటిదాకా నా కంప్రెసర్ ఆగలేదు. అందరూ తండ్రీ కూతుళ్ళ గురించి మాట్లాడుకున్నారు. నూకరత్నం గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆమెను పోయిన రోజే తీసుకెళ్ళిపోయి ఉంటారనుకున్నాను.

పోలయ్య నన్ను అరుగు దగ్గరికి తెచ్చేసరికి పొద్దు వాలుతోంది. తలుపు వేసి ఉంది. అరుగు తడిగా ఉంది. నేను ఉండే చోట, గోడ మూల దాకా, ఊక అంటుకుని ఉంది.

ఎదురింటాయన వచ్చి, ఈవిడకి ఎవరున్నారని ఇవాళ్టి దాకా ఉంచారు, అన్నాడు.

"ఎవరూ లేరండి," అన్నాడు పోలయ్య. "వస్తారేమో అన్నట్టు ఉంచాం."

వచ్చారట. జట్టంతా పని మాని వచ్చిందట. ఈ గుమ్మం ముందు నిలబడి మంచినీళ్ళు తాగిన ఇళ్ళవాళ్ళు వచ్చారట. పోలయ్య చెబుతూ ఉంటే వింటున్నాను. రానిది నేనొక్కదాన్నే.

తమ్ముడి కొడుకు పదకొండో రోజున తాళంతో వచ్చాడు. అరుగు మీద నుంచి నన్ను తీసేయమన్నాడు. ఇప్పుడు మిల్లు వెనక రేకుల కింద ఉంటున్నాను. పక్కన ఊక గుట్ట.

ఇప్పటిదాకా నాలో ఎంతమంది పడుకున్నారో చెప్పలేను. వాళ్ళలో బతికి ఉండగా నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. బతికి ఉండగా తెలిసిన ఒక్క మనిషి నాలో పడుకోలేదు. కబురు వస్తే పోలయ్య టార్పాలిన్ తీసి నన్ను బండి ఎక్కిస్తాడు. బండి కదిలే ముందు, ఒక మాట వినాల్సి ఉన్నట్టు, ఒక్క క్షణం ఆగుతాడు. ఏ మాటో మా ఇద్దరికీ తెలుసు. తరువాత బండి కదులుతుంది.