ఒక్క ఆవు

"ఒక్క ఆవు వేయి, చాలు," అన్నాడు భర్త, తడి ఆరని బొమ్మ ముందు చేతులు కట్టుకుని.

ఒక్కటో వెయ్యో తేల్చి చెప్పండి అందామనుకుంది గానీ మింగేసింది. ఆ ఇంట్లో ఆమెతో అందరి పనీ ఒకే క్రియతో జరిగిపోయేది. తలుపు వేయి, ఫ్యాను వేయి, పక్క వేయి, కూరలో ఇంకాస్త ఉప్పు వేయి. ఆమె డ్రాయింగ్ చెప్పే బడిలో హెడ్మాస్టరు మర్యాదస్తుడు కనక, నాటకం తెర మీద నెమలిని వేయండి అనేవాడు. వేసీ వేసీ భుజం పడిపోయింది. మాత్ర వేసుకోమని మాత్రం ఎవరూ అనలేదు.

ఈ బొమ్మ భర్తగారి ఆఫీసు ముందుగదికి. పల్లెటూరి బొమ్మ మా ఆవిడ వేస్తుందని మేనేజరుకు మాటిచ్చేసి, ఆ సంగతి ఆమెకు భోజనాల దగ్గర చెప్పాడు. ఇచ్చేది ఆయన, నిలబెట్టేది ఆవిడ. అయినా సంతోషంగానే మొదలుపెట్టింది. తీరా చూస్తే అందులో ఇల్లూ లేదు, చెట్టూ లేదు. కింద ఎర్రమట్టి రంగు, పైన పచ్చ, రెండింటి మధ్యా వంకరపోయిన నల్లటి గీత.

అర్థం ఉండొద్దా అన్నాడాయన. అర్థం మాట దేవుడెరుగు, అర్ధం కూడా లేదు, సగం గుడ్డ ఖాళీయే అని అత్తగారు అందుకుంది. పల్లె అన్నాక ఆవుండాలని మేనేజరు పట్టట.

ఆ గీత పొలంగట్టు. చిన్నప్పుడు నాన్నకు అన్నం క్యారేజీ మోసుకెళ్ళిన దారి. వెళ్ళేటప్పుడు పరుగే; ఆలస్యమైతే తిట్లు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఖాళీ క్యారేజీ, ఖాళీ గట్టు. ఇల్లు ఇంకా కనిపించదు, నాన్న పిలిచినా వినిపించదు. ఆ కాస్త దూరం ఆమె ఎవరి కూతురూ కాదు, ఎవరి అక్కా కాదు. కళ్ళు సగం మూసుకుని నడిచేది. చేను చేనులా ఉండక రంగై కదిలేది.

ఇప్పుడందులో ఆవుని వేస్తే? దాన్నెవరు కాయాలి, కుడితెవరు పెట్టాలి, పేడెవరెత్తాలి? బతుకు మొత్తంలో పని లేని చోటు అదొక్కటే. అందులోకీ పనిని తోలుకురమ్మంటున్నాడు.

కుంచె నల్లరంగులో ముంచింది. మూపురం, గంగడోలు, తోక కుచ్చు, అన్నీ ఆమె చేతికి కంఠస్థమే. బొమ్మ దాకా వెళ్ళిన చేయి అక్కడే ఆగిపోయింది.

"నాకు ఆవు రాదండీ."

"అదేంటి, పిల్లాడి బడికి అట్ట మీద వేశావుగా? బ్రహ్మాండంగా వచ్చింది."

"అప్పుడు వచ్చింది. ఇప్పుడు వెళ్ళిపోయింది."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాని వెనక ఉన్నది కోపమో నవ్వో తెలియలేదు.

"మరి మేనేజరుకి నేనేం చెప్పను?"

"ఈ బొమ్మ ఇవ్వట్లేదని చెప్పండి. ఇది నా కోసం వేసుకున్నాను."

ఆయన ఆమెను, బొమ్మను, మళ్ళీ ఆమెను చూశాడు. బజార్లో క్యాలెండరు ఆవులు బోలెడు దొరుకుతాయని గొణుక్కుంటూ చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు.

ఆమె కుర్చీ లాక్కుని బొమ్మకెదురుగా కూలబడింది. అన్నీ వచ్చుననిపించుకోవడానికే సగం జీవితం అయిపోయింది. 'రాదు' అనే మాట ఇంత తేలిగ్గా వస్తుందని ఇన్నాళ్ళూ తెలియనే లేదు.